బీబీఎస్‌టీ ఫౌండేషన్స్: అనుభవం ఉన్న టెస్టర్ల కోసం ఒక కోర్సు, దాని వెనుక ఒక సమూహం

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ వృత్తిలోకి రావాలనుకునేవారికి దారి చూపేవారికి కొదువ లేదు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ సందులోకి వెళ్లినా మాన్యువల్ టెస్టింగ్, సెలీనియం, ఏపీఐ టెస్టింగ్ అన్న బోర్డులే కనిపిస్తాయి. రెండు మూడు నెలల్లో ఇంటర్వ్యూకు కావలసిన సరంజామా అంతా అక్కడ సమకూరుతుంది. ఉద్యోగం వచ్చాక కంపెనీవారే ఏదో ఒక టూల్ మీద శిక్షణ ఇస్తారు. అసలు చిక్కు ఐదారేళ్ల అనుభవం వచ్చిన తర్వాత మొదలవుతుంది. అప్పటికి టూల్స్ చేతికి వస్తాయి, టెస్ట్ కేసులు రాయడం అలవాటైపోతుంది, నలుగురైదుగురు జూనియర్ల పని చూసుకునే బాధ్యత కూడా మీద పడుతుంది. అయితే "ఈ రిలీజుకు ఇంత టెస్టింగ్ చాలని మీరు దేన్నిబట్టి చెబుతున్నారు?" అని ఎవరైనా నిలదీసినప్పుడు మాత్రం చాలామంది జవాబు పాస్ శాతం (నడిపిన టెస్టుల్లో ఎన్ని నెగ్గాయన్న లెక్క) దగ్గరే ఆగిపోతుంది. ఆ ప్రశ్నకు నిలబడే జవాబు చెప్పడం నేర్పే కోర్సులు చాలా తక్కువ. అటువంటి వాటిలో బీబీఎస్‌టీ ఫౌండేషన్స్ ఒకటి. దాన్ని పూర్తి చేసినవాడిగా, ఆ తర్వాత నా బృందంలోని వారి చేత చదివించినవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను.

బీబీఎస్‌టీ అంటే బ్లాక్ బాక్స్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే లోపలి కోడ్ చూడకుండా బయటికి కనిపించే ప్రవర్తననుబట్టి పరీక్షించడం. దీని ప్రధాన రూపకర్త సెమ్ కేనర్. ఆయన మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసి, సిలికాన్ వ్యాలీలో పనిచేసి, న్యాయశాస్త్రం కూడా చదివి, 2000 సంవత్సరంలో ఫ్లోరిడా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యుడిగా చేరారు. పారిశ్రామిక శిక్షణగా మొదలైన ఈ పాఠాలు అక్కడ వీడియో ఉపన్యాసాలుగా మారాయి. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులు ఆ పనికి తోడ్పడ్డాయి. బోధనా పద్ధతిని తీర్చిదిద్దడంలో రెబెకా ఫీడ్లర్ పాత్ర పెద్దది. తర్వాత అసోసియేషన్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఈ కోర్సులను తన సభ్యుల స్వచ్ఛంద బోధనతో ఆన్‌లైన్‌లో నడుపుతూ వచ్చింది. రుమేనియాకు చెందిన ఆల్టమ్ అనే కంపెనీ కూడా వీటిని చేపట్టింది. పాత వీడియోలు, స్లైడ్లు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగానే దొరుకుతాయి. పాఠాలు ఉచితంగా ఉన్నప్పుడు డబ్బు కట్టి చేరడం ఎందుకన్న సందేహం సహజంగానే వస్తుంది. ఈ కోర్సు విలువ ఎంతో తేల్చేది కూడా ఆ ప్రశ్నే కాబట్టి దాని దగ్గరికి నిదానంగా వస్తాను.

కోర్సు దాదాపు నాలుగు వారాలు సాగుతుంది. మొత్తం ఆరు పాఠాలు: ప్రాథమిక నిర్వచనాలు, టెస్టింగ్ వ్యూహం, ఒరాకిల్స్, కవరేజ్ (సాఫ్ట్‌వేర్‌లో ఎంతమేరకు పరీక్షించామన్నది), సంపూర్ణ పరీక్ష ఎందుకు సాధ్యం కాదన్నది, చివరగా కొలతలు. ప్రతి పాఠానికి వీడియోలు, చదవవలసిన వ్యాసాలు, బహుళైచ్ఛిక ప్రశ్నల క్విజ్, రాతపని ఉంటాయి. క్విజ్ ప్రశ్నలు చూడడానికి మన ఎంట్రన్స్ పరీక్షల్లోలాగే "మొదటిదీ మూడోదీ సరైనవి, రెండోది కాదు" అన్న తరహాలో ఉంటాయి. పాఠం దగ్గర పెట్టుకుని రాయవచ్చని అనుమతిస్తారు గనుక సులువనుకుంటే పొరపాటే. వీడియోలో ఒక్క వాక్యాన్ని అజాగ్రత్తగా విన్నా జవాబు తప్పుతుంది. చివరి పరీక్షకు వచ్చే వ్యాస ప్రశ్నల జాబితాను మాత్రం ముందుగానే చేతికిస్తారు. రాబోయే ప్రశ్నలు తెలిసి కూడా వాటికి మంచి జవాబు రాయడం ఎంత కష్టమో మొదటి వారం గడిచేసరికి తెలిసిపోతుంది.

వ్యూహం గురించిన పాఠం పైకి సాదాగా కనిపిస్తుంది గానీ, లీడ్ హోదాలో ఉన్నవారు దాన్ని రెండోసారి వినాలి. టెస్టింగ్ అంటే ఒక ఉత్పత్తి నాణ్యతపై ఆసక్తి ఉన్నవారికి సమాచారం అందించడం కోసం చేసే సాంకేతిక పరిశోధన అన్నది కేనర్ ఇచ్చే నిర్వచనం. దాన్ని ఒప్పుకుంటే, ఎవరికి ఏ సమాచారం కావాలన్నది తేలకుండా టెస్ట్ ప్లాన్ రాయడం అర్థం లేని పని అవుతుంది. ముఖ్యమైన బగ్గులు పట్టుకోవడం ఒక లక్ష్యం. రిలీజ్ చేయాలా వద్దా అన్న నిర్ణయానికి తోడ్పడడం ఇంకొకటి. నియంత్రణ సంస్థల నిబంధనలకు లోబడి ఉన్నామని చూపించడం, కస్టమర్ సపోర్టు ఖర్చు తగ్గించడం వేరే లక్ష్యాలు. ఒకే యాప్‌కు, ఒకే వారంలో, లక్ష్యాన్నిబట్టి చేయవలసిన టెస్టులు మారిపోతాయి. మన దగ్గర చాలా టెస్ట్ ప్లాన్లు పాత ప్రాజెక్టు ప్లాన్‌లో పేర్లు మార్చి తయారైనవే గనుక ఈ ప్రశ్న వేసుకునే సందర్భమే రాదు.

కోర్సు మొత్తంలో గుర్తుండిపోయేది సంపూర్ణ పరీక్ష అసాధ్యమని వివరించే పాఠం. "అన్నీ పరీక్షించడం సాధ్యం కాదు" అన్న సూత్రం ప్రతి టెస్టర్‌కూ తెలుసు, సర్టిఫికేషన్ పరీక్షలో దానికో మార్కు కూడా వస్తుంది. ఇక్కడ దాన్ని లెక్క కట్టి చూపిస్తారు. డగ్ హాఫ్‌మన్ అనే టెస్టింగ్ నిపుణుడు మాస్‌పార్ అనే సమాంతర కంప్యూటర్‌లో వర్గమూలం లెక్కించే ఫంక్షన్‌ను పరీక్షించిన ఉదంతం అది. ఇన్‌పుట్ 32 బిట్ల సంఖ్య. అంటే సాధ్యమైన విలువలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ఆ యంత్రంలో 65,536 ప్రాసెసర్లు ఉండడం వల్ల అన్నింటినీ పరీక్షించి చూడడానికి ఆరు నిమిషాలు సరిపోయింది. రెండు విలువల దగ్గర జవాబు తప్పు వచ్చింది. ఆ రెండూ మనం అలవాటుగా పరీక్షించే హద్దుల (కనిష్ఠ, గరిష్ఠ విలువల వంటివి) దగ్గర ఉన్న విలువలు కావు. వాటినే ఎంచుకోవడానికి టెస్టర్‌కు పైకి కనిపించే కారణం ఏదీ లేదు. ఇదే ఫంక్షన్ 64 బిట్లకు ఉంటే, అదే వేగంతో అన్నింటినీ పరీక్షించడానికి దాదాపు 49 వేల ఏళ్లు పడుతుంది. అదీ ఒకే ఇన్‌పుట్ ఉన్న ఫంక్షన్ విషయం. రెండు ఇన్‌పుట్లు, వాటి వరుస, మధ్యలో ఆగిపోయిన నెట్‌వర్క్, పాత వెర్షన్ నుంచి మిగిలిపోయిన డేటా, ఇవన్నీ కలిస్తే ఆ లెక్క ఎక్కడికి పోతుందో పాఠం అంచెలంచెలుగా చూపిస్తుంది.

హద్దులకు దూరంగా దాక్కున్న బగ్ మాట వచ్చినప్పుడు తెలుగువారికి 2018 ఫిబ్రవరి గుర్తు రాకమానదు. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్లలో "జ్ఞా"కు సంబంధించిన ఒక ప్రత్యేక యూనికోడ్ వరుస తెరపైకి రాగానే మెసేజింగ్ యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ అదే నెలలో 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. తెలుగు లిపిలో హల్లులు, ఒత్తులు, గుణింతాలు, పైకి కనిపించని జోడింపు గుర్తులు కలిసి ఏర్పడగల వరుసలు ఎన్నో ఆలోచిస్తే, టెస్టర్లు అజాగ్రత్తగా ఉన్నారని తేలిగ్గా అనేయడం కుదరదు. అయితే ఏ వరుసలను ఎందుకు ఎంచుకున్నాం, ఏ వరుసలను తెలిసి తెలిసి వదిలేశాం అన్నది చెప్పగలగాలి. కోర్సు అడిగేది ఆ వివరణనే.

ఒరాకిల్స్ పాఠం దీనికి జతగా సాగుతుంది. ఒరాకిల్ అంటే వచ్చిన ఫలితం సరైనదో కాదో తేల్చుకోవడానికి మనం ఆధారపడే ప్రమాణం. వర్డ్ ప్రాసెసర్‌లో అక్షరాల పరిమాణం సరిగా ఉందా లేదా అన్న చిన్న ప్రశ్న తీసుకుని, ఒక సాఫ్ట్‌వేర్‌ను మరొక దానితో పోల్చడం మొదలుపెట్టి, పోల్చే సాఫ్ట్‌వేరే తప్పైతే ఏమిటి, కొలిచే పద్ధతే తేడా అయితే ఏమిటి అంటూ ఉపన్యాసం ముందుకు పోతుంది. ప్రతి ఒరాకిల్ కూడా కొంతవరకే నమ్మదగినదన్నది అందులోని సారం. దీన్ని మన పనికి అన్వయించుకుంటే ఉపయోగం వెంటనే తెలుస్తుంది. తెలుగు సంయుక్తాక్షరాలు క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఒకేలా కనిపించాయి కాబట్టి సరిగానే ఉన్నాయని మనం టెస్ట్ రిపోర్టులో రాసేస్తుంటాం. కానీ ఆ రెండు బ్రౌజర్లూ అక్షరాలను కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీని వాడతాయి. అంటే ఇద్దరు సాక్షులు చెప్పినట్టు కనిపించినా నిజానికి విన్నది ఒకే సాక్ష్యం. అలాంటిచోట తెలుగు చదవగలిగిన మనిషి కన్ను, అచ్చు పుస్తకంలోని అక్షరం వేరే ఒరాకిల్స్ అవుతాయి. ఈ విధంగా ఆలోచించడం అలవాటయ్యాక, ఆటోమేషన్ స్క్రిప్టులో "ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్" అని రాసిన ప్రతి వరుస దగ్గరా అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న తప్పదు.

కవరేజ్ పాఠంలో ప్రోగ్రామింగ్ మూలాలు కొన్ని చెబుతారు: కంప్యూటర్ పూర్ణాంకాలను, దశాంశాలను ఎలా నిల్వ చేస్తుందో, నిలువ స్థలం చాలకపోతే ఏమవుతుందో. కోడ్ రాసే అలవాటున్నవారు దీన్ని త్వరగా దాటేయవచ్చు. కామర్స్, బీఎస్సీ నేపథ్యాల నుంచి ఈ వృత్తిలోకి వచ్చినవారికి మాత్రం ఇది చాలా కాలంగా ఉన్న ఒక లోటును తీరుస్తుంది.

నాణ్యతా విభాగాలకు నాయకత్వం వహించేవారు తప్పనిసరిగా వినవలసింది చివరి పాఠమైన కొలతలు. మనం కొలవదలచుకున్న గుణం ఏమిటి, మనం లెక్కపెడుతున్న సంఖ్యకూ ఆ గుణానికీ ఉన్న సంబంధం ఏమిటి అన్న రెండు ప్రశ్నలను మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందిన మనిషి అడిగే తీరు వేరుగా ఉంటుంది. టెస్టర్ పనితనాన్ని అతను నమోదు చేసిన బగ్గుల సంఖ్యతో కొలుస్తున్నామనుకుందాం. కొద్ది రోజుల్లోనే ఒకే లోపం మూడు బగ్గులుగా విడిపోతుంది. అక్షర దోషాలు, రంగుల తేడాలు వరుసకడతాయి. రెండు రోజులు వెతికితే గానీ దొరకని డేటా నష్టం జోలికి ఎవరూ వెళ్లరు. పక్కవాడికి సాయం చేసే గంట తన లెక్కలోంచి పోయిన గంట అవుతుంది. సంఖ్య పెరుగుతుంది, సమాచారం తగ్గుతుంది. మన కంపెనీల్లో అప్రైజల్ నెలల్లో ఈ దృశ్యం చూడని టెస్టర్ ఉండడు. టెస్ట్ కేసుల సంఖ్య, పాస్ శాతం, ఆటోమేషన్ శాతం విషయంలోనూ ఇదే తర్కం వర్తిస్తుంది. 98 శాతం పాస్ అన్న మాట ఆ మిగిలిన రెండు శాతంలో ఏముందో చెప్పదు, అసలు రాయని టెస్టుల గురించి అంతకన్నా చెప్పదు. కొలతలన్నీ వదిలేయమని పాఠం చెప్పదు. ఒక కొలతను ఉద్యోగుల ప్రవర్తనను మార్చే ఆయుధంగా వాడితే అది కొలతగా పనికిరాకుండా పోతుందని మాత్రం హెచ్చరిస్తుంది. డైరెక్టర్ ముందు కూర్చుని బగ్గుల సంఖ్యతో రేటింగ్ వద్దని వాదించవలసిన టెస్ట్ మేనేజర్‌కు ఇంతకన్నా గట్టి వాదనా సామగ్రి మరెక్కడా నాకు కనిపించలేదు.

ఇక డబ్బు కట్టి చేరడం ఎందుకన్న ప్రశ్న. వీడియోలు ఒంటరిగా చూసినవారికి, కోర్సులో చేరినవారికి మధ్య తేడా రాతపని దగ్గర వస్తుంది. ప్రతి అసైన్‌మెంటుకూ మీరు రాసిన జవాబును తోటి అభ్యాసకులు చదివి విమర్శిస్తారు. మీరు వారివి చదివి విమర్శించాలి. ఆ విమర్శ నాణ్యతను బోధకులు గమనిస్తారు. పరీక్ష జవాబులకు సైతం ముందు తోటివారే మార్కులు వేసి కారణాలు రాయాలి. న్యాయ కళాశాల పరీక్షల పద్ధతి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది: ప్రశ్న "వివరించండి" అన్నదా, "పోల్చండి" అన్నదా, "మీ అభిప్రాయాన్ని సమర్థించండి" అన్నదా చూసి, అడిగినదానికే జవాబు చెప్పాలి. ఒక ప్రశ్నలో మూడు భాగాలుంటే మూడింటికీ జవాబు ఉండాలి. విషయం ఎంత తెలిసినా, అడగనిది రెండు పేజీలు రాసి అడిగింది వదిలేస్తే మార్కులు రావు. మార్కుల కోసం పేజీలు నింపడం నేర్చుకుని వచ్చిన మనకు ఇది మొదట కొరుకుడు పడదు.

తోటివారిని విమర్శించడం మరింత ఇబ్బంది. పరిచయం లేని పోలండ్ మనిషో కెనడా మనిషో రాసిన జవాబు కింద "చాలా బాగా రాశారు" అని పెట్టి తప్పుకోవడం మన మర్యాద. అలా చేస్తే బోధకుడు వచ్చి, ఏది బాగుంది, ప్రశ్నలో ఏ భాగానికి జవాబు లేదు, ఏ వాక్యం పాఠంలోని నిర్వచనానికి విరుద్ధంగా ఉంది అని అడుగుతాడు. విమర్శ మనిషి మీద కాకుండా రాత మీద ఉండాలన్న నియమాన్ని గట్టిగా పాటిస్తారు గనుక కొద్ది రోజుల్లో ఆ బెరుకు పోతుంది. ఆ తర్వాత జరిగేదే ఈ కోర్సులో అసలు చదువు. ఒకే ప్రశ్నకు వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్ పరీక్షించే వ్యక్తి ఒకలా, ఆటల కంపెనీలో పనిచేసేవారు ఇంకోలా, బ్యాంకింగ్ నేపథ్యం ఉన్న మనం మరోలా జవాబు రాస్తాం. ఎవరి సందర్భంలో వారి జవాబు ఎందుకు సరైనదో చదివి అర్థం చేసుకుంటాం. ఒకే కంపెనీలో, ఒకే క్లయింటు దగ్గర పదేళ్లు గడిపినవారికి ఈ వైవిధ్యం మరో చోట అంత సులువుగా దొరకదు. నా బృందంలో ఈ కోర్సు చేసినవారిలో వచ్చిన మార్పు టూల్స్‌లో కాదు, కోడ్ రివ్యూల్లో, ఏ బగ్గును ముందు సరిచేయాలో తేల్చే బగ్ ట్రయాజ్ సమావేశాల్లో కనిపించింది: "ఇది బగ్ కాదు" అని డెవలపర్ అంటే మాట పెంచకుండా, ఎవరికి ఏ నష్టం జరుగుతుందో రెండు వాక్యాల్లో రాసి పంపడం మొదలుపెట్టారు.

ఐఎస్‌టీక్యూబీ (ఇంటర్నేషనల్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ క్వాలిఫికేషన్స్ బోర్డ్) అనే సంస్థ ఇచ్చే ఫౌండేషన్ సర్టిఫికెట్‌తో పోల్చకుండా ఈ సమీక్ష పూర్తికాదు, ఎందుకంటే మన దగ్గర అందరికీ తెలిసిన సర్టిఫికెట్ అదే. 2002లో ఏర్పడిన ఆ సంస్థ ఫౌండేషన్ పరీక్షలో 40 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 60 నిమిషాల సమయం ఉంటాయి. 26 మార్కులు వస్తే ఉత్తీర్ణత. పరీక్ష భాష మాతృభాష కానివారికి సమయం 75 నిమిషాలు. 2023లో సిలబస్ నాలుగో వెర్షన్ వచ్చింది. సిలబస్ పీడీఎఫ్ ఉచితం, నాలుగైదు వారాలు సాయంత్రాలు కేటాయిస్తే సొంతంగా చదువుకోవచ్చు. దేశదేశాల బృందాలు కలిసి పనిచేసేచోట అందరూ ఒకే పరిభాష వాడడానికి అది బాగా ఉపయోగపడుతుంది, రెజ్యూమెలో ఒక వరుసగా హెచ్ఆర్ వారికి అర్థమవుతుంది కూడా. కానీ ఆ పరీక్షకు మీరు ఒక్క వాక్యం కూడా సొంతంగా రాయనక్కర్లేదు, మీ ఆలోచనను మరొకరు చదవనక్కర్లేదు. ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్నవారు దాన్నే ముందు పూర్తి చేయడం మంచిది. బీబీఎస్‌టీ పేరు చెబితే హైదరాబాదులో నియామకాలు చూసేవారిలో ఎక్కువమంది దాన్ని వినే ఉండరు. ఇంటర్వ్యూలో పేరు వల్ల కాక, మీరు చెప్పే జవాబుల వల్ల అది అక్కరకు వస్తుంది.

లోపాలు లేవని కాదు. ఉచితంగా దొరికే వీడియోల దృశ్య నాణ్యత, ఉదాహరణలు పాతకాలం నాటివి. తెర మీద వెనకటి విండోస్ డబ్బాలు చూస్తూ నేటి మైక్రోసర్వీసుల గురించి ఆలోచించుకోవాలి. ఆటోమేషన్ ఫ్రేమ్‌వర్కులు, నిరంతర డెలివరీ పైప్‌లైన్లు, మెషీన్ లెర్నింగ్ నమూనాల పరీక్ష ఇందులో ఉండవు. ఒరాకిల్ సమస్య ఏఐ జవాబుల విషయంలో మరింత తీవ్రంగా ఉందని గ్రహించినవారికి ఆ పాఠం ఇప్పుడే ఎక్కువ పనికొస్తుందన్నది నా అభిప్రాయం. అయినా ఆ వంతెన ఎవరికి వారే కట్టుకోవాలి. కేనర్ ఇంగ్లీషు స్పష్టంగానే ఉంటుంది గానీ వాక్యాలు దట్టంగా ఉంటాయి. ఇంగ్లీషులో రాయడం అలవాటు లేనివారు రాతపనికి రెట్టింపు సమయం పెట్టుకోవాలి. వారానికి పది గంటలకు తక్కువ కాకుండా కేటాయించలేనివారు చేరకపోవడమే మేలు. ఎందుకంటే మీరు గడువు దాటిస్తే మీ విమర్శ కోసం ఎదురుచూసే తోటివారి పని కూడా ఆగుతుంది. గడువులు విదేశీ కాలమానంలో ఉంటాయి గనుక డల్లాస్‌లోనో టొరంటోలోనో ఉన్న తెలుగువారికి ఉన్న వెసులుబాటు ఇక్కడివారికి ఉండదు. రుసుము విదేశీ ద్రవ్యంలో ఉండడం వల్ల మన జీతాల లెక్కలో అది చిన్న మొత్తం కాదు. కంపెనీ శిక్షణ నిధి నుంచి అడగడం సమంజసం. చాలా చోట్ల ఆ నిధి మార్చి నెలాఖరుకు ఖర్చు కాకుండా మిగిలే ఉంటుంది.

ఫౌండేషన్స్ తర్వాత బగ్ అడ్వొకసీ అనే కోర్సు ఉంది. బగ్ రిపోర్టును ఫారం నింపడంగా కాక, ఒకరిని ఒప్పించే రాతగా చూడడం దాని ప్రత్యేకత. లోపాన్ని మళ్లీ రప్పించడం, కారణాన్ని వేరుచేయడం, దాని తీవ్రమైన రూపాన్ని వెతకడం, ఇంకెన్ని చోట్ల వస్తుందో చూడడం, ఎవరికి నష్టమో చెప్పడం, అన్నీ స్పష్టంగా, ఆవేశం లేకుండా రాయడం అన్న క్రమాన్ని ఒక ఓపెన్ సోర్స్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ నిజమైన బగ్ జాబితా మీద సాధన చేయిస్తారు. నన్నడిగితే జూనియర్లకు ఫౌండేషన్స్ కన్నా ఇదే ముందు కావాలి, కానీ వరుస అలా పెట్టలేదు. టెస్ట్ డిజైన్ మూడోది, అది బరువైనది. బోధించే ఆసక్తి ఉన్నవారి కోసం బోధకుల శిక్షణ కూడా అసోసియేషన్ నడిపింది. చదివిన మనిషి సహాయ బోధకుడై, క్రమంగా ప్రధాన బోధకుడయ్యే ఆ మెట్ల దారి మేనేజర్ కావాలనుకోని సీనియర్ టెస్టర్లకు ఎదుగుదలలో ఒక మంచి ప్రత్యామ్నాయం. మన కంపెనీల్లో ఎదగడమంటే మనుషుల సంఖ్యను పర్యవేక్షించడమే అన్న భావన బలంగా ఉంది గనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను.

రుసుము కట్టలేనివారు దీన్ని పూర్తిగా వదులుకోనక్కర్లేదు. 2009లో బెంగళూరులో కొందరు యువ టెస్టర్లు వీకెండ్ టెస్టింగ్ అనే ఉద్యమం మొదలుపెట్టారు; వారాంతంలో స్కైప్‌లో కలిసి, ఒక సాఫ్ట్‌వేర్‌ను నిర్ణీత లక్ష్యంతో కొంతసేపు పరీక్షించి, తర్వాత ఎవరు ఏమి చేశారో ఎందుకు చేశారో చర్చించుకునేవారు. పైసా ఖర్చు లేని ఆ పద్ధతి తర్వాత యూరప్, అమెరికాల్లోనూ శాఖలు తొడిగింది. ఆ స్ఫూర్తితో ఉచిత బీబీఎస్‌టీ సామగ్రిని కలిపితే ఆరుగురు టెస్టర్లు ఏ ఆఫీసులోనైనా చదువుల బృందం పెట్టుకోవచ్చు. మేము నడిపిన తీరు ఇది: వారానికి ఒక పాఠం ఎవరికి వారు చూసి రావాలి, జాబితాలోంచి ఒక వ్యాస ప్రశ్నకు ఇంట్లోనే జవాబు రాసి తేవాలి, సమావేశంలో ఉపన్యాసం ఉండదు, పక్కవారి జవాబు చదివి ప్రశ్నలో ఏ భాగం మిగిలిపోయిందో చెప్పడమే పని. ఆలోచనంతా తెలుగులో మాట్లాడుకుని, రాత మాత్రం ఇంగ్లీషులో చేసేవాళ్లం. లీడ్ కూడా తన జవాబు తేవాలి, దాన్ని జూనియర్ విమర్శించాలి; ఆ షరతు లేకపోతే అది మరో శిక్షణ తరగతి అయి కూర్చుంటుంది. బయటి సందర్భాల వైవిధ్యం, అనుభవజ్ఞుడైన బోధకుడి కన్ను ఈ పద్ధతిలో దొరకవు. అందుకే బృందంలో కనీసం ఒకరు అసలు కోర్సు చేసినవారై ఉంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఎవరు చేరాలన్న విషయంలో నా సిఫారసు స్పష్టంగానే ఉంది. కొత్తగా ఉద్యోగం వెతుక్కునేవారికి ఇది అవసరం లేదు. వారు ముందు ఒక టూలూ, ఒక భాషా, ఐఎస్‌టీక్యూబీ చూసుకోవాలి. మూడేళ్లకు పైగా అనుభవం ఉండి, తన టెస్టుల ఎంపికను ఇతరులకు సమర్థించుకోవలసిన స్థితిలో ఉన్నవారు రుసుము కట్టి చేరడానికి ఇది తగిన కోర్సు. టెస్ట్ మేనేజర్లు, క్వాలిటీ హెడ్లు సమయం లేకపోతే కనీసం వ్యూహం, కొలతలు అన్న రెండు పాఠాలను ఉచిత వీడియోల్లోనైనా పూర్తిగా వినాలి, ఆపై తమ బృందం నుంచి ఒకరినో ఇద్దరినో కోర్సుకు పంపాలి. పంపేటప్పుడు ఆ నాలుగు వారాల్లో పెద్ద రిలీజ్ లేకుండా చూసుకోవాలి, రోజుకు గంటన్నర పని వేళల్లోనే విడిచిపెట్టాలి. తిరిగి వచ్చాక సర్టిఫికెట్ అడగకుండా, వారు రాసిన జవాబుల్లో ఒకదాన్ని తీసుకుని మిగతా బృందం ముందు చదివించాలి.